బయటున్నవాళ్లు దిగండి

నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేను. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తల్లోనే మా అత్త ఆ సంగతి కనిపెట్టింది. వంటయిపోయేది, గిన్నెలు తోమడం అయిపోయేది, నేను మాత్రం ఇంట్లోకీ వాకిట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేదాన్ని. "నిన్ను చూస్తంటే నాకు కళ్లు తిరుగుతున్నయ్యి. పోయి ముఠాలో కలుపుకన్నా పోరాదా" అంది ఒకరోజు. మర్నాడే వెళ్లాను. మా అత్తకు కళ్లు తిరగడం తగ్గింది. నా గొడవ మొదలైంది.

మా పుట్టిల్లు పొదిలి. మేం దూదేకులవాళ్లం. నాన్న పరుపులు కుట్టేవాడు, అమ్మ దిండ్లకు దూది కూరేది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, పేర్లు మాత్రం సాయిబుల పేర్లు. నెలనెలా ఆ రోజులొస్తే అమ్మ నమాజు మానేది, అంతే. వంట మానేది కాదు, దూది పని మానేది కాదు, బజారుకు పోవడం మానేది కాదు. అదొక పెద్ద విషయమని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటరు దాకా చదివి, అమరావతి రోడ్డులో ఉన్న ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మా ఆయనకు ఆటో ఉంది. పొద్దున్నే కూలికి పోయే ముఠా ఆడవాళ్లను పొలాల దగ్గర దించుతాడు, ఆ తర్వాత గుంటూరు బేరాలకు పోతాడు, సాయంత్రం మళ్లీ వాళ్లను ఎక్కించుకొస్తాడు. నేనెక్కేదీ ఆ ఆటోనే.

మొదటిరోజు ఆటో నిండిపోయింది. మొగుళ్ల పాత చొక్కాలు చీరల మీద తొడుక్కుని, తలలకు తువ్వాళ్లు చుట్టుకుని, క్యారేజీలు కాళ్ల సందున ఇరికించుకుని కూర్చున్నాం. మా ఆయన ఇంకా తాళం తిప్పలేదు. ముఠాకు ఒక మేస్త్రి ఉంటుంది. మమ్మల్నందరినీ కూడగట్టి రైతుల దగ్గరికి తీసుకెళ్లేది ఆవిడే. ఆవిడ ఆటో వెనక నిలబడి గట్టిగా అడిగింది.

"ఎవరన్నా బయటున్నారా? ఉన్నవాళ్లు దిగండి. మిరపచేలోకి పోతున్నాం."

ఒకామె దిగింది. క్యారేజీ పట్టుకుని, తల దించుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది. ఆ దారి టీకొట్టు ముందు నుంచే పోతుంది. పొద్దున్నే క్యారేజీతో వెనక్కి నడిచే ఆడమనిషికి నెలసరి వచ్చిందని ఆ కొట్టు బల్ల మీద కూర్చున్న ప్రతి మగవాడికీ తెలుసు. ఆరోజు కూలీ పోవడం ఒక ఎత్తు, ఆ నడక ఒక ఎత్తు. చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. ఆటోలో ఇంకెవరికీ మండినట్టు కనబడలేదు.

నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. ముఠాలో అందరికంటే పెద్దది. నోట్లో పళ్లు తక్కువ, మాటలు ఎక్కువ. ఆవిణ్ని అడిగాను, ఇదేం పద్ధతని.

"అట్టాంటప్పుడు మిరపచేలో కాలు పెడితే మొక్క మాడిపోద్దే. ఆకు ముడుచుకుపోద్ది."

"మరి పత్తిచేలో?"

"పత్తికి పట్టింపు లేదు."

"పత్తికెందుకు లేదు?"

"నన్నడుగుతావేందే? పోయి పత్తిని అడుగు."

ఆటో అంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కనబడిన వాళ్లనల్లా అడిగాను. మిరప లక్ష్మీదేవి అంది ఒకామె. మిరప సుకుమారం అంది ఇంకొకామె. పురుగుమందు కొట్టడానికి వచ్చే మగవాళ్లు పొద్దున్నే తాగి వచ్చేవాళ్లు, ఆ సాళ్లలోనే పక్కకు తిరిగి పని కానిచ్చుకునేవాళ్లు. లక్ష్మీదేవికి దాంతో ఏ ఇబ్బందీ లేదు. ఆ మాట పైకి అంటే ఆడవాళ్లందరూ నవ్వేవాళ్లు, మర్నాడు మళ్లీ తల దించుకుని దిగేవాళ్లు.

నా వంతు వచ్చినప్పుడు నేను దిగలేదు. దాచాలని కాదు. ఆ పట్టింపు వాళ్ల ఇళ్లలోది, మా ఇంట్లో లేదు కాబట్టి నాకు వర్తించదని నిజంగానే అనుకున్నాను. మధ్యాహ్నం గట్టు మీద అన్నాలు తింటూ, పక్కనున్నామెతో మామూలుగా "నడుం లాగేస్తంది, రెండో రోజు గదా" అన్నాను. అందరి చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి. మేస్త్రి లేచొచ్చి నా నోరు మూసినంత పని చేసింది. బిందెలో నీళ్లు తెచ్చి నా పాదాల మీద గుమ్మరించింది. ఈ మాట ఎక్కడా అనకూడదని అందరి చేతా ఒట్టు పెట్టించింది. "సాయిబుల పిల్ల తల్లీ, తెలియక చేసింది" అని మొక్కల వైపు తిరిగి దణ్ణం కూడా పెట్టింది. అదయ్యాక, పని మిగిలింది కాబట్టి, నన్ను మళ్లీ అదే సాలులోకి పంపి కలుపు తీయించింది.

తర్వాత తుఫాను వాన పట్టుకుంది. నల్లరేగడి నేల, నీళ్లు ఒకపట్టాన ఇంకవు. మేం కలుపు తీసిన ఆ చేలో పల్లం వైపు నీళ్లు నిలిచిపోయాయి. వాన వెలిసి ఎండ కాసేసరికి అక్కడి మొక్కలు తలలు వాల్చేశాయి. పీకి చూస్తే వేర్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. ఆ రైతు చెడ్డవాడని నేననను. అంతకుముందు ఏడాది నల్ల తామరపురుగు అతని పూతనంతా పీల్చేసింది. అయినా ధైర్యం చేసి మళ్లీ మిరపే వేశాడు. పొద్దున్నే వెళ్లి ఆ వాడిన మొక్కల మధ్య కూర్చునేవాడట, ఎవరు పిలిచినా పలికేవాడు కాదట. ఆ మాట విని నాకు జాలేసింది. కానీ అంత బాధలో ఉన్న మనిషి వానతో పోట్లాడలేడు, పోట్లాడటానికి ఒక మనిషి కావాలి. ఊరు అతనికి ఒక మనిషిని వెతికిపెట్టింది.

మా ముఠాలో అందరికంటే చిన్న పిల్ల ఒకతె ఉండేది. ఇంటరు అయిపోయింది, నర్సింగు చదవాలని ఆశ, సీటొచ్చేదాకా తల్లితో పాటు కూలికి వచ్చేది. ఏదడిగినా తలూపడమే తప్ప మాట్లాడేది కాదు. మేం కలుపు తీసిన వారంలోనే ఆ పిల్ల నల్ల కవరులో ప్యాకెట్టు కొనుక్కుపోయిందని కిరాణా కొట్టాయన ఎవరితోనో అన్నాడు. ఆ కవరు చాలు. ఊరంతా తిరిగి ఆ మాట రైతు చెవిన పడింది. ఆ పిల్ల ఆరోజు నిజంగా బయట ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు.

రైతు ఒకరోజు పొద్దున్నే ఆటో దగ్గరికే వచ్చాడు.

"ఆ పిల్లను దించు" అన్నాడు మేస్త్రితో. "నా చేను మాడ్చింది చాలు. ఇంక ఈ ఊళ్లో ఏ మిరపచేలో కాలు పెట్టినా నేను ఊరుకోను."

ఆ పిల్ల లేచింది. క్యారేజీ అందుకుంటుంటే దాని మూత గలగలలాడింది. తల్లి ఆరోజు పనికి రాలేదు. మేస్త్రి నేల చూస్తోంది. ముసలమ్మ ఎటో చూస్తోంది. మా ఆయన ఆటో అద్దం తుడుస్తున్నాడు, అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని.

"బాబాయ్‌గారూ, మీ చేలో కలుపు తీసినరోజు నేను కూడా బయటే ఉన్నాను" అన్నాను నేను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది, అయినా ఆపలేదు.

"నేను కలుపు తీసింది మెరక వైపు సాళ్లు. అయ్యి పచ్చగా ఉన్నయ్యి, పోయి చూసుకోండి. మాడింది పల్లం. అక్కడ నీళ్లు నిలిచినయ్యి. మీ చేను నీళ్లకు మాడిందండీ, పిల్లకు కాదు."

"ఆడదానివి, నడిబజార్లో ఆ మాటలేంది? సిగ్గుందా నీకు?"

"ఆ పిల్లను నడిబజార్లో దించటానికి మీకు లేని సిగ్గు నాకెందుకండీ?"

అతని మొహం ఎర్రబడింది. మేస్త్రి వైపు తిరిగి, "ఇద్దర్నీ దించు. లేకపోతే నేను వేరే ముఠాను పిలుచుకుంటా" అన్నాడు. మేస్త్రి నన్ను కళ్లతో బతిమాలింది. ఆవిడ వెనక ఆటోనిండా ఆడవాళ్లున్నారు, వాళ్లందరి పనీ ఆవిడ చేతిలోనే ఉంది. దిగాను. ఆటో కదిలింది. తోలుకుపోయింది మా ఆయనే.

టీకొట్టు ముందు నేను తలెత్తుకునే నడిచాను. ఆ పిల్ల నా పక్కన నడవలేదు, బాగా వెనకగా నడిచింది. నేనేదో ఘనకార్యం చేశాననీ, ఆ పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుంటుందనీ లోపల ఎక్కడో అనుకున్నాను. సాయంత్రం వాళ్లింటికి వెళ్తే తల్లి గుమ్మంలోనే ఆపేసింది. "నువ్వు నోరెత్తకపోతే నాలుగు రోజులకు మర్చిపోయేవాళ్లమ్మా. ఇప్పుడు ఊరు ఊరంతా నా పిల్ల ముట్టు గురించే మాట్లాడుకుంటన్నారు. నీకు దణ్ణం పెడతా, ఇంక మమ్మల్నొదిలెయ్" అంది. తలుపు సందులోంచి ఆ పిల్ల నన్ను చూస్తూనే ఉంది. ఆ తల్లి మాట నన్ను ఎంత బాధపెట్టిందంటే, దారిలో ఎవరు పలకరించినా కసురుకున్నాను.

ఇంట్లో మా ఆయనతో పెద్ద గొడవైంది.

"పెళ్లాన్ని దించి పోతావా నువ్వు?"

"ఏం చెయ్యమంటావు? ఆటో ఆపితే ముఠా పోద్ది."

"పోనియ్."

"పోనిస్తే తినేదేంది? నీ నోరా?"

కొన్నాళ్లు మా ఇద్దరికీ మాటల్లేవు. మా అత్త నన్ను తిడుతుందనుకున్నాను. ఆవిడ నాకు అన్నం పెడుతూ, "నా వయసంతా ఎడ్లబళ్లూ ట్రాక్టర్లూ దిగుతానే గడిచిపోయింది. దిగనని అనొచ్చని నాకు తట్టనన్నా తట్టలా" అంది. ఆ తర్వాత పప్పు వడ్డించింది. ఆవిడ ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు.

నేను పక్క ఊరి ముఠాతో పత్తి తీతకు వెళ్లడం మొదలుపెట్టాను. పత్తి ఎవర్నీ ఏమీ అడగదు. కాయ మొనలు గుచ్చుకుని వేళ్లు చీరుకుపోయేవి, సాయంత్రానికి ఒళ్లంతా నూగు. ఒక్కచోట నిలవని నా కాళ్లు ఆ సాళ్లలో ఇంకా వేగంగా పోయేవి, ఎవరో తరుముతున్నట్టు. ఇంటికొచ్చేటప్పుడు కావాలని చుట్టుదారి పట్టి ఆ రైతు చేను మీదుగా నడిచేదాన్ని. నేను కలుపు తీసిన మెరక సాళ్లను చూసేదాన్ని. అవి పచ్చగానే ఉన్నాయి, కాయ పట్టింది, కాయ పండింది. ఒకవేళ అవి కూడా వాడిపోతే? నాకు ఆ పట్టింపు మీద నమ్మకం లేదు, అయినా ఒక ఆకు ముడుచుకుని కనబడితే గట్టు దిగి వెళ్లి దాన్ని తిరగేసి చూసేదాన్ని. ఇంతమంది ఇన్నేళ్లు ఇన్నిసార్లు చెబితే, నమ్మనిదాని మీద కూడా భయం పుడుతుంది. అలా భయపడుతున్నందుకు నా మీద నాకే కోపం వచ్చేది.

మొదటి కోత దగ్గరికొచ్చేసరికి మబ్బులు పట్టాయి. వాన పడుతుందని అందరి ఫోన్లలోనూ ఒకటే మాట. చెట్టు మీద పండుకాయ, కల్లంలో ఎండుకాయ, రెండిటికీ వాన తగలకూడదు. రైతులందరికీ ఒకేసారి కూలీలు కావాల్సొచ్చింది. చీకటి పడకముందే మేస్త్రి మా ఇంటికొచ్చింది. మంచినీళ్లిస్తే తాగలేదు.

"రేపు రా. ఆ పిల్లను కూడా తీసుకురా. ఆయన చేలోనే కోత."

"ఆయన ఒప్పుకున్నాడా పిన్నీ?"

"మనుషులు లేరు, ఒప్పుకోక ఏం చేస్తాడు? నేను మామూలుగానే అడుగుతా. ఇద్దరూ లేదనండి. ఒక్క మాట."

"ఉంటే?"

"ఉన్నా లేదనండి."

"అబద్ధం చెబితే మొక్క మాడదా పిన్నీ?"

"నీతో చచ్చే చావొచ్చింది నాకు" అని విసురుగా లేచి వెళ్లింది. గేటు దాకా పోయి వెనక్కి తిరిగి, "తీసుకురా" అంది మళ్లీ.

ఆ పిల్ల వాళ్లింటికి వెళ్లాను. తల్లి నీళ్లకు పోయింది. విషయం చెప్పాను. ఆ పిల్ల చాలాసేపు చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. "అక్కా, నాకు ఈ పొద్దున్నే వచ్చింది" అంది చివరికి.

"రేపు ఏం చెబుతావు?"

"తెలియదు."

వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది, తల్లితో కలిసి. ఆటో చివర, దిగడానికి వీలుగా ఉండే చోట కూర్చుంది. మా ఆయన ముందు అద్దంలోంచి నన్ను ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. మేస్త్రి వెనక నిలబడి, ఎప్పుడూ అడిగే మాటే అడిగింది. ఈసారి మా ఇద్దరి మొహాల్లోకే చూస్తూ అడిగింది.

ఆ పిల్ల నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. నా నాలుక చివరిదాకా మాట వచ్చింది, బలవంతాన ఆపుకున్నాను. ఆ తల్లి నా ఎదురుగానే కూర్చుని ఉంది. ఈసారి ఆ పిల్ల సంగతి నేను చెప్పకూడదు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. అలా నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో నన్నెరిగినవాళ్లకే తెలుసు.

"నేనున్నానే" అంది ముసలమ్మ.

అందరూ అటు తిరిగారు.

"నీకు ఆగిపోయి ఎంత కాలమైందే ముసలీ?" అంది మేస్త్రి.

"ఆగిందో సాగిందో నువ్వొచ్చి చూశావా? ఉన్నానంటే ఉన్నాను. దిగమంటావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వులోనే ఇంకొకామె, "నేనూ ఉన్నా" అంది. ఆ పక్కనున్నామె, "నాకూ వచ్చింది, దించుతావా?" అంది. ఇద్దరు ఆడవాళ్లకు కోపం వచ్చింది. "మాకూ మిరపచేలున్నయ్యి. మీ పాపం మేం మూటగట్టుకోలేం" అని దిగి వెళ్లిపోయారు. మిగతావాళ్లు దిగలేదు. అందరి సందడీ తగ్గాక ఆ పిల్ల, "నేను కూడా ఉన్నాను" అంది. మెల్లగానే అంది గానీ అందరికీ వినబడింది. ఆ మాటల్లో నిజం మాట అదేనని కూడా అందరికీ తెలుసు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ కూతుర్ని దిగమనలేదు.

మేస్త్రి ఆటో రాడ్డు పట్టుకుని నిలబడిపోయింది. అందర్నీ దించితే కోసేదెవరు? ఒక్కదాన్నే దించితే ఏమని దించాలి?

"దిగేవాళ్లు దిగారుగా? పోనిస్తన్నా" అన్నాడు మా ఆయన, వెనక్కి తిరగకుండానే. తాళం తిప్పాడు. మేస్త్రి గబుక్కున ఎక్కింది.

చేను గట్టు మీద రైతు నిలబడి ఉన్నాడు. భుజాన కల్లం మీద కప్పే పట్టా, కళ్లు మబ్బుల మీద. మేం దిగుతుంటే నన్ను చూశాడు, ఆ పిల్లను చూశాడు.

"అంతా సుబ్బరంగానే ఉన్నారుగా?" అన్నాడు మేస్త్రితో.

ఆవిడ అబద్ధం చెబుతుందనే అనుకున్నాను. ఆవిడ వయసంతా ఆ అబద్ధం మీదే ముఠా నడిచింది.

"చేతులు సుబ్బరంగానే ఉన్నయ్యండీ" అంది మేస్త్రి. "కోయమంటారా, ఎనక్కి పొమ్మంటారా?"

ఉత్తరాన ఉరిమింది. రైతు పట్టాను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకు మార్చుకున్నాడు. "కోయండి" అని కల్లం వైపు వెళ్లిపోయాడు. ఆకాశం తెరిపిగా ఉంటే మమ్మల్ని వెనక్కి పంపేవాడే, ఆ సంగతి నాకు తెలుసు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చిరాకే. ఆరోజు మాత్రం తలుచుకోవడానికి తీరిక లేదు, సాళ్లు పట్టాం.

ఆ పిల్ల నా పక్క సాలులోనే కోసింది. ముందు వేగంగానే కోసింది. పొద్దు కాస్త పైకొచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది, పెదాలు తెల్లబడ్డాయి. మాకందరికీ అది తెలిసిన సంగతే. అలాంటప్పుడు మేం నడుం పట్టేసిందంటాం, వడ తగిలిందంటాం, పొద్దున్నే తిన్నది పడలేదంటాం, లేకపోతే ఏమీ అనకుండా వంగి కోస్తూనే ఉంటాం. రైతు అప్పుడే ఖాళీ గోతాలు పట్టుకుని మా సాళ్ల చివరికి వచ్చాడు. ఆ పిల్ల నిటారుగా లేచి నిలబడింది.

"పిన్నీ, నాకు ముట్టు నొప్పి ఎక్కువగా ఉంది" అంది, చేనంతా వినబడేలా. "కాసేపు పడుకుంటా."

ఒక మగవాడు వినేంత గట్టిగా ఆ మాట అన్న ఆడమనిషిని నేను అంతవరకూ చూడలేదు. నోరున్నదాన్నని పేరుపడ్డ నేను కూడా ఎప్పుడూ అనలేదు. నేను అన్నది వాదన. ఆ పిల్ల అన్నది నొప్పి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, కారం చేతులతో తుడుచుకోకూడదు కాబట్టి అలాగే వదిలేశాను.

రైతు గోతాలు అక్కడే పడేసి మొహం తిప్పుకున్నాడు. మేస్త్రి చేతిలో కాయలు చేతిలోనే ఉన్నాయి, ఆ పిల్లనే చూసింది. ఆ తర్వాత కాయలు గంపలో వేసి, తన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, రెండు మిరప సాళ్ల మధ్య నేల మీద పరిచింది. ఆ పిల్ల ఒక పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని, ఆ తువ్వాలు మీద పడుకుని కళ్లు మూసుకుంది. ఆమె సాలు కూడా మేమే పంచుకుని కోశాం. తనంతట తాను లేచేదాకా ఆమెను ఎవరూ లేపలేదు.